సముద్రపు చెత్త: ఒడ్డున ఏరాలా, నదిలోనే ఆపాలా?

సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం నేల మీద నుంచే వస్తుంది. మరి ఎక్కడ పట్టుకోవాలి?

ఖర్చు: ఒడ్డున గ్లౌజులు, సంచులు చాలు. నదిలో యంత్రం, నిర్వహణ కావాలి.

శ్రమ: ఒడ్డున ఏరిన చోటికే అలలు మళ్లీ చెత్త తెస్తాయి. గుప్పెడు ఇసుక తీసి చూడండి, 5 మిల్లీమీటర్ల లోపు రంగు ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని ఏరడం దాదాపు అసాధ్యం. నదిలోనైతే చాలావరకు ఇంకా సీసాగానో కవరుగానో దొరుకుతుంది. అమెరికాలోని బాల్టిమోర్ రేవులో 2014లో పెట్టిన, నీటి ప్రవాహానికి తిరిగే చక్రమున్న యంత్రం ఇలాగే చెత్తను పట్టుకుంటుంది.

రిస్క్: నదిలో చెత్తను ఆపే అడ్డుకట్ట వరదకు తెగొచ్చు. మురుగునీటిని, ఎరువులను ఈ రెండు పద్ధతులూ ఆపలేవు.

ఒక ఆదివారం, పదిమంది స్నేహితులు ఉంటే ఒడ్డుకే వెళ్లండి. తెగిన వలలు ముందు తీయండి, తాబేళ్లకు చుట్టుకునేవి అవే. నగరపాలక నిధులు చేతిలో ఉంటే మాత్రం నా ఓటు నదికే.