పై తరగతికి పంపే తీరు: కూకట్‌పల్లిలోని ఒక సీబీఎస్‌ఈ పాఠశాలపై నా అభిప్రాయం

ఈ పాఠశాలలో పిల్లలను చేర్పించాలని ఆలోచిస్తున్నవారు ఫీజు, బస్సు వివరాల కంటే ముందు, తొమ్మిదో తరగతి నుంచి పదికి విద్యార్థులను ఏ పద్ధతిలో పంపుతారో తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ నిలిపివేయకూడదని చెప్పింది; 2019 నాటి సవరణ 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవారికి రెండు నెలల్లోపు మరో అవకాశమిచ్చి, అప్పటికీ తప్పితే నిలిపే వెసులుబాటును ప్రభుత్వాలకు కల్పించింది. తొమ్మిదో తరగతికి ఆ రక్షణ వర్తించదు, అక్కడ ప్రతి సబ్జెక్టులోనూ 33 శాతం రావలసిందే.

మా అబ్బాయి గణితంలో తప్పాడు. పాఠశాల వారు మమ్మల్ని పిలిచి, జవాబుపత్రం ముందు పెట్టి, బహుపదుల లెక్కలు ఎక్కడ ఆగిపోయాయో ఒక్కొక్కటిగా చూపించారు; అసలు లోపం తొమ్మిదో తరగతి పాఠంలో లేదని, ఏడు, ఎనిమిది తరగతుల బీజగణితం సరిగా రాకపోవడమే కారణమని గణితం టీచరు గారు ఎంతో ఓపికగా వివరించారు. వేసవిలో అదనపు రుసుము లేకుండా ఆ పాఠాలనే మళ్ళీ చెప్పి, తర్వాత పరీక్ష పెట్టారు. వాడు ఉత్తీర్ణుడయ్యాడు. పదో తరగతి ఫలితాల శాతం తగ్గుతుందన్న భయంతో వెనుకబడిన పిల్లల చేత టీసీ తీయించే యాజమాన్యాలున్న ఊరిలో, ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తకపోవడం నాకు గొప్పగా అనిపించింది.

అయితే ఒక లోపాన్ని గట్టిగానే చెప్పాలి. ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో గణితానికి గ్రేడు మాత్రమే ఉంది, ఏ అధ్యాయం రాలేదో ఒక్క వాక్యం కూడా లేదు. తొమ్మిదిలో యూనిట్ పరీక్షల నాడే బలహీనత బయటపడినా, అంతర్గత మూల్యాంకనపు 20 మార్కులు కలిసేసరికి మొత్తం ఫరవాలేదన్నట్లు కనిపించింది. 80 మార్కుల వార్షిక పరీక్ష ముగిశాక గానీ మాకు కబురు రాలేదు. ఆ కబురు దసరా సెలవులకు ముందే వచ్చి ఉంటే, వేసవి అంతా పిల్లవాడు దిగులుతో గడిపే పని ఉండేది కాదు.

ఇక్కడ చేర్పించవచ్చనే నా సలహా. ప్రవేశ సమయంలోనే పై తరగతికి పంపే నిబంధనలను రాతపూర్వకంగా తీసుకోండి, అర్ధ సంవత్సర పరీక్షల జవాబుపత్రాలు చూపించమని మీరే అడగండి, అడిగితే కాదనరు.