మెట్టుగడ్డ స్టడీ హాలు: పగటికి మంచిదే, రాత్రికి వద్దు

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోని ఒక స్టడీ హాలులో నాలుగు నెలల పాటు కూర్చొని, జూనియర్ లెక్చరర్ పరీక్ష కోసం జంతుశాస్త్రం చదివాను. నెలకు తొమ్మిది వందల రూపాయలకు విడి క్యాబిన్, ఫ్యాన్, చార్జింగ్ ప్లగ్గు ఇస్తారు. కుర్చీలు అంతంతమాత్రమే.

నాకు బాగా నచ్చింది ఆదివారం పరీక్ష. అందులో ఆ వారం పాఠంతో పాటు మూడు వారాల కిందటి పాఠం నుంచి కూడా ప్రశ్నలు వస్తాయి. చాలామంది విసుక్కున్నారు గాని, అప్పుడు నేను చదువుతున్న నాడీవ్యవస్థ అధ్యాయం నిర్వాహకుని పక్షానే నిలిచింది. రెండు నాడీకణాలు కలిసే చోటైన నాడీకణ సంధి వద్ద గ్లుటమేట్ అనే సంకేత రసాయనం విడుదలైనప్పుడు, దాన్ని అందుకునే ఆంపా గ్రాహకాలు వెంటనే తెరుచుకుంటాయి. ఎన్‌ఎండీఏ అనే మరో రకం గ్రాహకానికి మాత్రం మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డుపడి ఉంటుంది కనుక, బలహీనమైన సంకేతానికి అది లొంగదు. సంకేతం బలంగా, వెంటవెంటనే వస్తేనే ఆ బిరడా తొలగి, కాల్షియం లోనికి చేరి, మరిన్ని ఆంపా గ్రాహకాలు ఆ సంధికి వచ్చేలా చేస్తుంది. కుందేలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో సంధులు ఇలా బలపడి గంటల తరబడి నిలవడాన్ని బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. 1986లో మోరిస్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల మెదడులో ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మందుతో అడ్డగించినప్పుడు, ఈదుతున్న తొట్టిలో నీటి అడుగున దాచిన తిన్నె ఎక్కడుందో అవి సరిగా నేర్చుకోలేకపోయాయి. క్షణాల్లో జరిగే ఈ పనిని వారాల ఎడంతో చేసే పునశ్చరణకు నేరుగా ముడిపెట్టడం తొందరపాటే. అయినా ఎడమిచ్చి గుర్తుచేసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని విడిగా ప్రయోగాలు చూపాయి.

నా అభ్యంతరమంతా ‘ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది’ అన్న బోర్డు గురించే. మెట్ల కింద రాత్రి రెండింటికి కూడా చాయ్ దొరుకుతుంది. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకునే అడినోసిన్ అనే రసాయనం తన గ్రాహకాలను చేరి నిద్ర తెప్పిస్తుంది. చాయ్‌లోని కెఫీన్ ఆ గ్రాహకాలలో తాను కూర్చొని దారి మూస్తుందే తప్ప, అడినోసిన్‌ను తొలగించదు, నిద్రలో జరగవలసిన జ్ఞాపకాల స్థిరీకరణను తాను చేయదు. రెండు వారాలు అలా మేల్కొన్నందుకు ఆదివారం పరీక్షలో నా మార్కులు సగానికి పడ్డాయి. తరువాత ఉదయం ఐదు నుంచి రాత్రి తొమ్మిది వరకే కూర్చున్నాను.

పగటివారికి రుసుము తగ్గించమని అడిగితే, “రాత్రి వచ్చేటోళ్లతోనే హాలు నడుస్తది సార్” అని నిర్వాహకుడు నవ్వారు. చేరదలచినవారు కిటికీ వైపు క్యాబిన్ అడిగి తీసుకోవడం మంచిది. మెట్ల వైపు చాయ్ వాసన ఆగదు.