సీగ్ ఎక్స్2 మినీ మిల్లు: సెకండ్ హ్యాండ్‌లో కొని ఏళ్ల తరబడి వాడాక

సీగ్ ఎక్స్2 అంటే లోహపు ముక్కలను తిరిగే కట్టర్‌తో కోసే చిన్న మిల్లింగ్ మెషిన్. స్పిండిల్ (కట్టర్‌ను పట్టుకుని తిరిగే ఇరుసు), కాలమ్ (దాన్ని మోసే నిలువు స్తంభం) బాగున్నది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి. ఆ రెండింట్లో ఏది తేడాగా ఉన్నా, ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు. మిగతావన్నీ, అంటే గేర్లు, మోటారు బ్రష్‌లు, స్పీడ్ బోర్డు, గిబ్‌లు (జారే భాగాల మధ్య వదులు తగ్గించే పట్టీలు), ఇంట్లో కూర్చుని బాగుచేసుకోగలిగినవే. నేను చాలా ఏళ్లుగా ఈ మెషిన్ మీదే టెలిస్కోప్ మౌంట్ భాగాలు, చిన్న స్టర్లింగ్ ఇంజన్లు, పాత కుట్టుమిషన్లకు బయట దొరకని బ్రాకెట్లు చేస్తున్నాను. ఆ వాడకంలోంచి వచ్చిన అభిప్రాయాలే ఇవన్నీ.

ఎక్స్2 షాంఘైకి చెందిన సీగ్ కంపెనీ తయారీ. ఒక్కో దేశంలో ఒక్కో రంగు వేసి, ఒక్కో పేరు పెట్టి అమ్ముతారు కానీ లోపల సరుకు దాదాపు ఒకటే. అందుకే స్పేర్లకు ఇబ్బంది లేదు. బరువు సుమారు 50 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే మేడ మీదికి ఎక్కించవచ్చు. మామూలు సింగిల్ ఫేజ్ ప్లగ్గులో నడుస్తుంది. లో గేర్‌లో 1100, హై గేర్‌లో 2500 ఆర్పీఎం దాకా వేగం మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో పాత మెషిన్లకు కొదవ లేదు. బాలానగర్ వైపు తిరిగితే హెచ్ఎంటీ మిల్లింగ్ మెషిన్లు, 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ వారి గ్రైండర్లు కనబడతాయి. అద్భుతమైన క్యాస్టింగులు, చూస్తే వదలబుద్ధి కాదు. కానీ అవి టన్నుల లెక్కన తూగుతాయి, త్రీ ఫేజ్ కరెంటు కావాలి, దించడానికి క్రేన్ కావాలి. అపార్ట్‌మెంట్లోనో, ఇంటి వెనక రేకుల షెడ్డులోనో హాబీగా చేసుకునేవాడికి అవి కుదిరేవి కావు. ఎక్స్2 విలువ అక్కడే తెలుస్తుంది.

కొనేముందు మీ వెంట డయల్ గేజి (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం), మ్యాగ్నెటిక్ స్టాండు తీసుకెళ్లండి. స్పిండిల్ టేపర్ (కట్టర్ హోల్డర్ కూర్చునే, లోపలికి సన్నబడే రంధ్రం) లోపలి గోడకు డయల్ ఆనించి చేత్తో మెల్లగా తిప్పితే ముల్లు 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి కదలకూడదు. తర్వాత స్పిండిల్‌ను చేత్తో పైకీ కిందికీ గట్టిగా నెట్టి చూడండి. కదలిక తెలుస్తుంటే బేరింగులు పోయినట్టే. బేరింగులు మార్చుకోవచ్చు, టేపర్ గీసుకుపోతే మాత్రం కష్టం. టేబుల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించండి. మధ్యలో వదులుగా ఉండి చివర్లలో పట్టేస్తుంటే, ఆ మెషిన్ ఎన్నాళ్లూ మధ్యలోనే పనిచేసి అరిగిందని అర్థం. టేబుల్ మీద డ్రిల్లు పోట్లు ఒకటీ రెండూ ఉంటే బేరానికి పనికొస్తాయి, పనికి అడ్డం రావు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు ఈ మెషిన్ కూడా పంపించుకుంటామని అడుగుతుంటారు. అక్కడివి 110 వోల్టులవి, డయళ్లు ఇంచుల్లో ఉంటాయి. స్క్రూ ఇంచుకు 16 చుట్లది కావడంతో హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే టేబుల్ 62.5 థౌలు (థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు) కదులుతుంది. మిల్లీమీటర్లలో గీసిన డ్రాయింగ్‌తో ఆ లెక్క వేసుకుంటూ పనిచేయడం పెద్ద తలనొప్పి. ఇక్కడ 230 వోల్టుల, మిల్లీమీటర్ డయళ్ల మెషిన్ దొరికితే అదే మేలు.

ఇంటికి తెచ్చాక కరెంటు పెట్టకముందే మొత్తం విప్పాలి. ఈ మెషిన్లకు ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసే ఎర్రటి జిగురు గ్రీజును చాలామంది తుడవకుండానే వాడేస్తారు. ఆ గ్రీజులో చిప్స్ (కోతలో రాలే లోహపు పొట్టు) కలిసి, జారాల్సిన చోట గీరే ముద్దగా మారతాయి. నా మెషిన్ గిబ్ బయటికి తీసినప్పుడు దాని ముఖం మీద అల్యూమినియం పొడి కలిసిన నల్లటి పొర గోరుతో గీకితే వచ్చేంత మందంగా ఉంది. కిరసనాయిలు, పాత టూత్ బ్రష్, వేస్ట్ కాటన్ తీసుకుని డవ్‌టెయిల్ (టేబుల్ జారే ఏటవాలు గాడి) మూలల దాకా కడిగాను. గిబ్‌కు సన్నగా ప్రష్యన్ బ్లూ (నీలి రంగు ముద్ద) రాసి, దాని జాగాలో పెట్టి రెండు మూడుసార్లు జరిపి తీస్తే, ఎక్కడ ఆనుతోందో ఆ మచ్చలు చెప్పేస్తాయి. మొదట రెండు చివర్లే ఆనుతున్నాయి. గాజుపలక మీద సన్న ఎమరీ పేపర్ పరిచి, నూనె వేసి, ఓపిగ్గా రుద్దుతూ పోతే ఆనే జాగా గిబ్ పొడుగునా పరుచుకుంది.

గిబ్ స్క్రూలు బిగించేటప్పుడు ఒక్కొక్కటే పట్టేదాకా తిప్పి, పిసరంత వదిలి, చెక్‌నట్టు (స్క్రూ కదలకుండా పట్టే నట్టు) వేయాలి. చెక్‌నట్టు బిగిస్తుంటే స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి ఎలన్ కీతో పట్టుకునే ఉండాలి. సెట్టింగ్ కుదిరితే హ్యాండిల్ తిప్పుతుంటే చేతికి సన్నటి బిగువు తెలుస్తుంది, ఎక్కడా తడబాటు ఉండదు. ఈ ఒక్క పని తర్వాత కట్టర్ వణుకు సగానికి సగం తగ్గింది. బయటినుంచి కొన్న ఏ పార్టూ నాకు ఇంత ఫలితం ఇవ్వలేదు.

ఇక కాలమ్. ఈ మెషిన్‌కు ఉన్న అసలు బలహీనత ఇదే. కాలమ్ పక్కలకు వంగేలా చేశారు, దాన్ని పట్టి ఉంచేది వెనక ఒకే ఒక పెద్ద నట్టు. బరువైన కోత పడితే కాలమ్ కదిలిపోతుంది, ఫేసింగ్ (పైముఖం చదును) చేసిన జాబ్ మీద, అంటే కోసే ముక్క మీద, చేపపొలుసుల్లా మెట్లు కనిపిస్తాయి. అందుకే స్పిండిల్‌ను టేబుల్‌కు నిలువుగా సెట్ చేసుకోవడం ప్రతి యజమానికీ రావాలి. స్పిండిల్‌లో ఒక అడ్డ కడ్డీ బిగించి, దాని చివర లివర్ డయల్ పెట్టి, ఎడమ నుంచి కుడికి తిప్పి చూస్తాం. టేబుల్ వెడల్పు తక్కువ కావడంతో ముందుకూ వెనక్కూ పెద్ద చుట్టు తిరగదు, పైగా టీ స్లాట్లలో (టేబుల్ మీది బోల్టు గాడుల్లో) డయల్ ముల్లు పడిపోతుంటుంది. దానికి బాలానగర్‌లో ఒక పెద్ద ఫిట్టర్ ఉపాయం చెప్పాడు: "పెద్ద బేరింగ్ రింగు ఒకటి తెచ్చుకో తమ్ముడూ. టేబుల్ మీద పెట్టి దాని అంచు మీదే డయల్ నడిపించు." స్క్రాప్ షాపులో దొరికిన ఆ రింగుకు రెండు పక్కలా గ్రైండింగ్ ఉంటుంది, సమానమైన మందం ఉంటుంది. అప్పటినుంచి సెట్టింగ్ పని చాలా సులువైంది. 150 మిల్లీమీటర్ల చుట్టులో 20 మైక్రాన్ల లోపు తేడాకు వస్తే నేను ఆపేస్తాను. పక్కవాటు తేడా నట్టు వదులు చేసి కాలమ్‌ను రబ్బరు సుత్తితో తట్టి సరిచేయవచ్చు. ముందువెనకల తేడాకు మాత్రం కాలమ్ బ్రాకెట్‌కూ బేస్‌కూ మధ్య సన్నటి ఇత్తడి షిమ్ (రేకు ముక్క) పెట్టాల్సిందే. సెట్ అయ్యాక కాలమ్ వెనక మందపాటి స్టీలు పట్టీతో గోడకట్టులా ఒక సపోర్టు బిగించాను. ఆ తర్వాత సెట్టింగ్ చాలాకాలం నిలుస్తోంది.

బేస్ కింద బరువు పెంచడం కూడా ఉపయోగమే. గ్రానైట్ మనకు చవక. వంటింటి గట్టు కోసి మిగిలిన ముక్కలు షాపువాళ్లు తక్కువకే ఇస్తారు. అలాంటి రెండు పలకలు ఎపాక్సీతో అతికించి, రంధ్రాలు వేయించి, మెషిన్‌ను దానికి బోల్టులతో బిగించాను. పాలిష్ నున్నగా ఉంది కదా అని ఆ రాయిని సర్ఫేస్ ప్లేట్‌గా వాడొద్దు, దాని చదును కొలతకు పనికొచ్చేది కాదు.

లోపలి ప్లాస్టిక్ గేర్ల గురించి చాలా ఫిర్యాదులు వింటాం. కట్టర్ జాబ్‌లో ఇరుక్కుంటే మొదట విరిగేవి అవే, ఒకరకంగా అవి మోటారును కాపాడతాయి. కొందరు లోహపు గేర్లు వేస్తారు, మోత భరించలేం. నేను బెల్ట్ డ్రైవ్‌కు మారిపోయాను. ఇరుక్కుంటే బెల్ట్ జారుతుంది, ఏదీ విరగదు. రాత్రిపూట పనిచేసినా పక్కింటివాళ్లకు వినబడదు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో లిటిల్ మెషిన్ షాప్ అనే కంపెనీ ఈ బెల్ట్ డ్రైవ్ కిట్లు, ఈ మెషిన్‌కు అవసరమైన చిన్న స్పేర్లు చాలా అమ్ముతుంది. కొరియర్, కస్టమ్స్ కలిపితే ఖర్చు ఎక్కువే అవుతుంది. పుల్లీలు ఇక్కడ లేత్ మీద చేయించుకున్నా సరిపోతుంది.

ఇప్పుడు డబ్బు అసలు ఎక్కడ పోతుందో చెప్తాను. మెషిన్ ధరకు దాదాపు అంత మొత్తం దాని చుట్టూ ఉండే పనిముట్లకు పక్కన పెట్టుకోండి. మొదట కొనాల్సింది వైస్, అంటే జాబ్‌ను దవడల మధ్య బిగించి పట్టుకునేది. డ్రిల్లింగ్ వైస్ బిగిస్తే కదిలే దవడ పైకి లేస్తుంది, జాబ్ వంకరగా కూర్చుంటుంది. గ్రైండింగ్ చేసి, హార్డెన్ చేసిన 80 మిల్లీమీటర్ల స్క్రూలెస్ వైస్ ఈ టేబుల్‌కు సరైన సైజు. అంతకన్నా పెద్దదైతే టేబుల్ ప్రయాణం మొత్తాన్నీ మింగేస్తుంది. దాంతోపాటు ఒక జత పారలల్స్, అంటే జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు. క్లాంపింగ్ సెట్టు కొనేముందు మీ టీ స్లాట్ వెడల్పు కాలిపర్‌తో కొలుచుకుని వెళ్లండి. రాణిగంజ్ షాపుల్లో ఇవన్నీ చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు.

కట్టర్ పట్టుకోవడానికి డ్రిల్ చక్ వాడనే వాడొద్దు. అది పక్కనుంచి వచ్చే బలానికి చేసింది కాదు, పని మధ్యలో చక్ ఊడి వస్తుంది. నాది ఎంటీ3 స్పిండిల్, అంటే మోర్స్ టేపర్ 3 సైజుది. దానికి నేరుగా సరిపోయే కొలెట్లు (కట్టర్ కాడను చుట్టూ నొక్కి పట్టే చీలికల గొట్టాలు) 6, 10, 12 మిల్లీమీటర్ల సైజుల్లో ఉంటే మామూలు పనంతా అయిపోతుంది. ఈఆర్ కొలెట్లు 1973లో స్విట్జర్లాండ్ కంపెనీ రెగో ఫిక్స్ తెచ్చిన పద్ధతి. సైజులకు బాగా కలిసొస్తాయి కానీ, చక్ పొడుగు వల్ల ఈ చిన్న మెషిన్‌లో ఎత్తు తగ్గిపోతుంది, కట్టర్ స్పిండిల్‌కు దూరమై వణుకుతుంది. కొంటే ఈఆర్25 చాలు, 16 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. కొలెట్‌ను ముందు నట్టులోకి టక్కుమని కూర్చోబెట్టి, ఆ తర్వాతే కట్టర్ దూర్చాలి. ఎంటీ3తో ఇంకో చికాకు, టేపర్ పట్టేస్తుంది. డ్రా బార్ (పైనుంచి కొలెట్‌ను లాగి బిగించే పొడుగు బోల్టు) ఒక చుట్టు వదులు చేసి, ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే దిగుతుంది. ఆర్8 అనే ఇంకో రకం టేపర్ ఉన్న స్పిండిల్‌కు ఈ బాధ తక్కువ. రెండూ ఎదురుగా ఉంటే ఆర్8 తీసుకోండి.

కట్టర్ల పెద్ద పెట్టె కొనకండి. 6, 10 సైజుల్లో మంచి హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) ఎండ్ మిల్లులు, అంటే కొసతోనూ పక్కలతోనూ కోసే కట్టర్లు, ఒక ఫ్లై కట్టర్ (ఒకే బిట్‌తో వెడల్పుగా కోసేది), దానికి మిరాండా కంపెనీ టూల్ బిట్ ఉంటే చాలు. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో మైల్డ్ స్టీలుకు 800 ఆర్పీఎం, అల్యూమినియానికి 2400 వరకు వేగం నాకు బాగా కుదిరింది. స్టీలు మీద అర మిల్లీమీటరుకు మించి లోతు తీసుకోను, అల్యూమినియంలో ఒకటిన్నర దాకా వెళ్తాను, కిరసనాయిలు చుక్కలు వేస్తూ. జాబ్ ఎప్పుడూ కట్టర్ పళ్లకు ఎదురుగా నడవాలి. పళ్లు తిరిగే వైపే నడిపిస్తే స్క్రూలో ఉన్న ప్లే (వదులు) మేరకు కట్టర్ టేబుల్‌ను గబుక్కున లాగేసుకుంటుంది, కట్టర్ విరుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, చేతికి గ్లవ్స్ వద్దు, భుజం మీద టవల్ అసలే వద్దు.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్పీడ్ బోర్డు ఉన్న పెట్టెలోకి ఒక్క స్టీలు చిప్ వెళ్లినా బోర్డు పోతుంది. పెట్టె గాలి రంధ్రాలకు సన్న జాలీ అతికించాను. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని, లైనుకు ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగినప్పుడు, పాతవి పట్టుకుని మోటార్ వైండింగ్ షాపుకు వెళ్తే అదే సైజుకు అరగదీసి ఇస్తారు.

జారే చోట్లకు స్లైడ్‌వే ఆయిలే వాడండి. ఇండియన్ ఆయిల్ వారి సర్వోవే 68 గ్రేడ్ ఒక డబ్బా తెచ్చుకుంటే హాబీ వాడకానికి చాలా ఏళ్లు వస్తుంది. కుట్టుమిషన్ నూనె మరీ పలచన, నిలబడదు. పని అయ్యాక చిప్స్ బ్రష్‌తో ఊడ్చాలి. గాలి కొడితే అవి నేరుగా గిబ్‌ల సందుల్లోకి పోతాయి. హైదరాబాద్‌లో వానాకాలం తప్ప తుప్పు భయం పెద్దగా లేదు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మాత్రం వాడినా వాడకపోయినా టేబుల్ మీద నూనె గుడ్డ ఆడిస్తూ ఉండాలి. కప్పడానికి నూలు దుప్పటి మంచిది. ప్లాస్టిక్ షీటు కింద చెమ్మ పట్టి తుప్పు ఇంకా ఎక్కువ వస్తుంది.

ఇన్నేళ్ల తర్వాతా నచ్చనిది నిలువు కదలిక. హెడ్ (స్పిండిల్, మోటారు ఉన్న పైభాగం) బరువును ఆపే స్ప్రింగు సరిపోదు, ఫైన్ ఫీడ్‌లో ప్లే ఎక్కువ. స్ప్రింగు తీసేసి కారు డిక్కీ తలుపుకు వాడే రకం గ్యాస్ స్ట్రట్ పెట్టాక హెడ్ జారడం ఆగింది, అయినా ప్రతి కోతకు ముందు లాక్ బిగించాల్సిందే. డిజిటల్ స్కేళ్లు పెట్టుకుంటే సౌకర్యమే. అవి ప్లేను తీసేయవు, టేబుల్ నిజంగా ఎక్కడుందో చూపిస్తాయి, అది చాలు. అల్యూమినియం, ఇత్తడి, అప్పుడప్పుడు మైల్డ్ స్టీలు చేసుకునేవాళ్లకు ఈ మెషిన్ నిండుగా సరిపోతుంది. రోజూ స్టీలే కోయాలనుకునేవాళ్లు ఇంకొంత డబ్బు పోగేసి అదే కంపెనీ ఎక్స్3 రకానికి వెళ్లడం నయం. దాని బరువు ఇంచుమించు మూడింతలు, కాబట్టి కింది అంతస్తులో చోటు, దించడానికి మనుషులు ముందే చూసుకోవాలి.