నగర చెరువుకు ఏది మేలు: మురుగును మళ్లించడమా, శుద్ధి చేసి చెరువులోకే వదలడమా?

హైదరాబాదులో ఏదైనా చెరువును బాగు చేయబోతున్నారన్న వార్త వచ్చినప్పుడు మొదట కనిపించేది కట్ట మీద నడకదారి, దాని వెంట దీపాలు, నడుమ ఫౌంటెన్ ఉన్న ఊహాచిత్రం. చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తాయో, నిండి అలుగు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) పారితే ఎటు పోతాయో ఆ చిత్రంలో ఉండదు. అందుకే ఇప్పుడు అనుసరిస్తున్న మూడు మార్గాలను, అంటే సుందరీకరణను, మురుగు మళ్లింపును, మురుగును చెరువు ముఖద్వారం దగ్గరే శుద్ధి చేసి లోపలికి వదలడాన్ని, పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఇందుకు నేను పెట్టుకున్న కొలబద్దలు రెండు: ఎండాకాలంలో కూడా ఆ చెరువులో చేప బతికే నీరు ఉంటుందా, పనులు ముగిసిన అయిదో ఏట దాన్ని పట్టించుకునేవారు ఎవరు?

ఆయకట్టు, అంటే చెరువు నీటితో సాగయ్యే పొలం, ఉన్న రోజుల్లో ఈ రెండో ప్రశ్నే పుట్టలేదు. తూము తెరవడానికి నీరటి ఉండేవాడు. ఎండల్లో పూడికమట్టిని రైతులే బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. కట్ట మైసమ్మకు ఊరంతా బోనం ఎత్తేది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టులో ప్రతి ఊరి బాగోగులూ పై ఊరితో ముడిపడి ఉండేవి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చి, తరువాత మంజీర, కృష్ణా, గోదావరి జలాలు కూడా కుళాయిలోకి చేరి, మరోవైపు పొలాలు కాలనీలుగా మారిపోయాక, నగరవాసికి చెరువుతో రోజువారీ పని లేకుండా పోయింది. పట్టించుకునేవారు లేని చోటికి చెత్త చేరింది, చెరువు నీట మునిగే శిఖం భూమికి ధర పలికింది.

సుందరీకరణను పూర్తిగా తీసిపారేయలేము. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన ప్రారంభమైన తరువాత ఎక్కడెక్కడివారో వచ్చి ఆ నీటిని చూస్తున్నారు. నలుగురి కళ్లు పడే చోట రాత్రిపూట మట్టి పోసి చెరువును పూడ్చడం కష్టం. అయితే నడకదారి కోసం చుట్టూ కట్ట పోసినప్పుడు అది ఎఫ్‌టీఎల్ గీతకు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దుకు, లోపలే పడితే చెరువు శాశ్వతంగా కుంచించుకుపోతుంది, వాననీటి కాలువల నోళ్లు మూసుకుపోతాయి, పక్షులు గూళ్లు పెట్టుకునే జమ్ము పెరిగే లోతులేని ఒడ్డు రాతిగోడ అవుతుంది. నీటి సంగతి తేల్చకుండా దీన్ని మొదట చేపట్టడం తప్పేనని నా నిశ్చితాభిప్రాయం.

మళ్లింపుకు పెద్ద ఉదాహరణ హుస్సేన్ సాగర్. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువులోకి కూకట్‌పల్లి నాలా ఇళ్ల మురుగుతో పాటు పరిశ్రమల వ్యర్థజలాలను కూడా మోసుకొచ్చింది. వాన లేని రోజుల్లో ఆ నాలా ప్రవాహాన్ని అడ్డుకుని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపించే ఏర్పాటు చేశారు. రసాయనాలు కలిసిన నీటికి ఇదే సరైన దారి, ఎందుకంటే ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రాలు గానీ, నీటి మొక్కలు గానీ ఆ విషాన్ని విరచలేవు. కానీ ఇళ్ల మురుగు మాత్రమే వచ్చే చెరువుకు ఇదే పద్ధతి వాడితే చిక్కులు వస్తాయి. గట్టి వాన పడగానే మళ్లింపు గొట్టం చాలక మురుగూ వాననీరూ కలిసి చెరువులోనే పడతాయి. వానకాలువలు కబ్జాకు గురైన చోట ఏడాది పొడవునా వచ్చే నీరు ఆ మురుగొక్కటే కనుక, దాన్ని తప్పించాక చెరువు మార్చి నెలకే బీటలు తీస్తుంది. ఎండిన చెరువును ఖాళీ స్థలంగా చూసేవారికి కొదవ లేదు.

మూడో మార్గానికి బెంగళూరులోని జక్కూరు చెరువును చూడాలి. అక్కడ ఎగువన రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో మొదలైన శుద్ధి కేంద్రం ఉంది. అందులోంచి వచ్చిన నీరు నేరుగా చెరువులో పడదు. జమ్ము, నీటి మొక్కలు పెంచిన చిత్తడి గుండా నెమ్మదిగా సాగి, మిగిలిన నత్రజని, భాస్వరం కొంతవరకు మొక్కలకు, మట్టికి అప్పగించి, ఆ తరువాత లోపలికి చేరుతుంది. కేంద్రంలో శుద్ధి అయిన నీటిలోనూ భాస్వరం మిగిలే ఉంటుంది. గుర్రపుడెక్కకు అదే తిండి కాబట్టి ఈ చిత్తడి అదనపు హంగు కాదు, అసలు అవయవం. అలా నిండిన చెరువులో మత్స్యకారులు వల వేసుకుంటున్నారు.

ఈ మార్గం ఖరీదైనదే. యంత్రాలకు కరెంటు, నడిపే మనిషి, అన్నిటికన్నా మించి చిత్తడికి ఎకరాల కొద్దీ నేల కావాలి. ఏపుగా పెరిగిన మొక్కలను కోసి బయటికి తీయకపోతే అవి కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీటికే ఇస్తాయి. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో వేసినట్టి తేలియాడే మొక్కల తెప్పలు తోడుగా పనికివస్తాయి గానీ శుద్ధి కేంద్రం చేసే పనంతా వాటి మీద పెట్టలేము. అయినప్పటికీ ఇళ్ల మురుగు చేరే మధ్యతరహా చెరువుకు నేను దీన్నే ఎంచుకుంటాను. ఏడాది పొడవునా నీరుంటే చేపల మీద బతికేవారు ఉంటారు, చుట్టుపక్కల బోర్లలో నీరు ఊరుతుంది, కేంద్రం ఆగిన వారంలోనే వాసన అందరికీ తెలుస్తుంది. అడిగేవారు అలా పుడతారు.

అసలు మురుగే చేరని చిన్న కుంటకు ఇదంతా అక్కరలేదు. అంబర్‌పేటలో మట్టి, చెత్త కింద కనుమరుగైన బతుకమ్మ కుంటను 2025లో తవ్వినప్పుడు నీళ్లు ఊరాయి. అక్కడ కావలసింది తవ్వకం, హద్దుల రక్షణ.

2020 అక్టోబరులో కుండపోత వానకు నగరంలో చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు ఒక సంగతి బయటపడింది: ఇప్పటి ఆయకట్టు కట్ట కింది కాలనీయే. ఒకప్పుడు పంట కోసం తూమును చూసుకున్నట్టే ఇప్పుడు ఇల్లు మునగకుండా అలుగును, దిగువ నాలాను చూసుకోవలసినవారు అక్కడి నివాసులు. శుద్ధి కేంద్రం రోజువారీ లెక్కలు వారి కంటపడేలా కట్ట మీదే బోర్డుపై రాయించాలి. నడకదారిని ఒక వానాకాలం గడిచి నీరు ఎంతవరకు నిలుస్తుందో గుర్తు పెట్టుకున్నాక, పాతిక ఎకరాల పైబడిన చెరువుకైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్‌ను మట్టిగా, చెట్లుగా వదిలి, దానికి అవతల వేసుకోవచ్చు.