పీసీవీ వాల్వు: కడిగి వాడాలా, కొత్తది వేయాలా?

ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి, ఐడ్లింగ్‌లో వణుకు, ఆయిల్ తొందరగా తగ్గిపోవడం. పెట్రోలు కారుకు ఈ మూడూ కలిస్తే అనంతపురం షెడ్లలో మొదట వినిపించే మాట "రింగులు పోయినాయి సార్, ఇంజన్ దించాల". అంత ఖర్చుకు ఒప్పుకునే ముందు బొటనవేలంత ఉండే పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వును చూడమనండి.

ఎంత కొత్త ఇంజనైనా పిస్టన్ రింగులను దాటి కొంత గ్యాస్ క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజన్ కింది గదిలోకి దిగుతుంది. పాతకాలం బండ్లలో దాన్ని గొట్టంతో రోడ్డు మీదికే వదిలేసేవారు. 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో అమ్మిన కార్లకు ఈ వాల్వు వచ్చింది. అది ఆ గ్యాస్‌ను ఇంజన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి పంపి మళ్లీ మండేలా చేస్తుంది. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. తెరుచుకుని ఉండిపోతే గాలి ఎక్కువై ఇంజన్ వణుకుతుంది, ఆయిల్ కూడా లోపలికి పోతుంది.

పరీక్ష సులువే. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని కాగితం పెట్టండి. మెల్లగా లోపలికి లాగితే సిస్టమ్ పనిచేస్తున్నట్టే. పైకి ఎగిరితే ముందు వాల్వు, హోసు చూడాలి. అవి మార్చాక కూడా ఎగురుతుంటే అప్పుడు రింగుల సంగతి తేల్చే కంప్రెషన్ చెక్ చేయించాలి.

ఇక కడగడం. కార్బ్ క్లీనర్ కొడితే జిడ్డు పోతుంది, ఊపితే టకటకమంటుంది, మెకానిక్ "చూడండి సార్, బాగుంది" అంటాడు. ఆ చప్పుడు లోపలి ముక్క కదులుతోందని మాత్రమే చెబుతుంది, స్ప్రింగు బిగువు గురించి ఏమీ చెప్పదు. పైగా పెట్రోల్లో నానబెడితే రబ్బరు రింగు ఉబ్బుతుంది. బెంగళూరు నుంచి పార్ట్ బస్సులో వచ్చేదాకా బండి నడపాలంటే కడగండి, తప్పులేదు. లేకపోతే నా ఓటు కొత్తదానికే. మామూలు రకం వాల్వు ఇంజన్‌లోని చవక సామాన్లలో ఒకటి, దాని దగ్గర పొదుపు చేయడం నాకు అర్థం కాదు.

కంపెనీదా, బజారుదా? చూడ్డానికి రెండూ ఒకటే. కానీ లోపలి రంధ్రం, స్ప్రింగు ఆ ఇంజన్‌కు తగ్గట్టు ఉండాలి. కొలత తేడా వస్తే కొత్త వాల్వుతోనూ ఐడ్లింగ్ కుదరదు. పార్ట్ నంబరు సరిచూసి కంపెనీదే తీసుకోండి. దాంతోపాటు వాల్వును పట్టి ఉంచే రబ్బరు బుష్షు, అంటే గ్రోమెట్టు కూడా మార్చండి. మన ఎండకు, ఇంజన్ వేడికి గట్టిపడిన హోసు లాగగానే పగులుతుంది కాబట్టి అదీ సిద్ధంగా పెట్టుకోవాలి.

అసలు తిరకాసు డయాఫ్రమ్ (పలుచని రబ్బరు పొర) రకంతో. కొన్ని ఇంజన్లలో, ముఖ్యంగా చాలా యూరప్ కార్లలో, ఇది ఇంజన్ తలను కప్పే టాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది. డయాఫ్రమ్ చిరిగితే సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. షోరూమ్‌లో కవర్ మొత్తం మార్చమంటారు, బయట డయాఫ్రమ్ ఒక్కటే దొరుకుతుంది. వారంటీ ఉంటే చెయ్యి పెట్టకండి. వారంటీ దాటి, కవర్ పగలకుండా, వంగకుండా ఉంటే డయాఫ్రమ్ చాలు. పాత ప్లాస్టిక్ కదా, డయాఫ్రమ్ పైమూత లాక్కులను స్క్రూడ్రైవర్‌తో తొందరపడి ఎగదోస్తే అవి విరుగుతాయి. ఆపైన ఎలాగూ కవర్ మొత్తం కొనాల్సిందే.