పెట్టె మీద ‘హంటింగ్ రైఫిల్’, లోపల 4.5 ఎంఎం పీసీపీ: పెల్లెట్‌కు భేష్, స్లగ్‌కు వద్దు

ముందు ఆ ‘హంటింగ్’ మాట మర్చిపోండి. అనుమతి లేని వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బుడ్డల చేలో పడే పందుల కోసం కొంటామనేవాళ్లూ ఉన్నారు. 20 జౌళ్ల లోపు శక్తితో గుండు వదిలే ఎయిర్ రైఫిల్ పందిని గాయపరిచి రెచ్చగొట్టడానికే పనికొస్తుంది. కాగితం మీద గురి చూసుకునేవాళ్ల కోసమే ఈ రివ్యూ.

ఇది పీసీపీ, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్. కర్నూలులో ఓ షాపువాళ్లు దీనికి 16 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) స్లగ్ డబ్బా కూడా అంటగడుతున్నారు. స్లగ్ అంటే సన్నటి నడుము లేని, బుల్లెట్ ఆకారపు గుండు. తుపాకీ మంచిదే, పేచీ అంతా ఆ డబ్బాతోనే.

బ్యారెల్ ట్విస్ట్ 450 మి.మీ. అంటే గుండు అంత దూరం ముందుకు పోయేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. 8.44 గ్రెయిన్ల గుండ్రటి తల పెల్లెట్‌కు ఇది ధారాళం. దాని నడుము సన్నం, వెనక భాగం బోలు, బరువంతా ముందే. షటిల్ కాక్ మాదిరి గాలే దాన్ని ముక్కుసూటిగా ఉంచుతుంది. స్లగ్‌కు ఆ వసతి లేదు, నిలబడాలంటే తిప్పుడే దిక్కు.

ఎంత తిప్పుడు కావాలో 1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం ఉజ్జాయింపుగా చెబుతుంది. వ్యాసాన్ని వ్యాసంతో, ఆపైన 150తో గుణించి గుండు పొడవుతో భాగించాలి. 4.5ను 4.5తో, 150తో గుణిస్తే 3037. డబ్బాలోని స్లగ్ పొడవు వెర్నియర్ కాలిపర్ మీద 7.5 మి.మీ. ఉంది, కాబట్టి 405 మి.మీ.లోపే ఒక చుట్టు పడాలి. ఈ బ్యారెల్ అంత వేగంగా తిప్పదు. 6.5 మి.మీ. స్లగ్ అయితే 467 వస్తుంది, అంచు మీద నడుస్తుంది. ఇక్కడ బరువు కాదు, పొడవు ముఖ్యం. షాపువాళ్లకు ఇదే ఎక్కదు.

ప్రెషర్ పెంచితే సర్దుకుంటుందనేది ఉత్త మాట. తిప్పుడు పెరిగినంతా గుండును పడదోసే గాలి తోపూ పెరుగుతుంది. పైగా 20 జౌళ్లు దాటితే లైసెన్సు కావాలి.

కొనేముందు ట్విస్ట్ మీరే కొలవండి. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డముక్క తగిలించి లోపలికి తోయండి. రాడ్ మీద మార్కర్‌తో గీత పెట్టి, అది సగం చుట్టు తిరిగేవరకు ఎంత దూరం కదిలిందో చూసి రెట్టింపు చేయండి. మూడుసార్లు చేయాలి. గుడ్డ వదులైతే జారి లెక్క తప్పుతుంది. మూతి దగ్గర చోక్ (బ్యారెల్ కాస్త ఇరుకయ్యే చోటు) ఉంటే అక్కడ గుడ్డ ఒక్కసారిగా బిగుసుకుంటుంది, దానికి ముందే కొలత ఆపేయాలి.

25 మీటర్ల దగ్గర మందపాటి చార్ట్ కాగితం పెట్టి పది దెబ్బలు కొట్టండి. బెజ్జం గుండ్రంగా కాక తాళంచెవి రంధ్రంలా సాగితే స్లగ్ అడ్డం తిరుగుతున్నట్టే. అయితే మూతి ముందు బిగించిన గొట్టం లోపల సీసపు గీతలుంటే తప్పు ట్విస్ట్‌ది కాదు, గుండు గొట్టానికి తగులుతోంది. మొదట అది విప్పి కొట్టి చూడండి.

ఇంకో సంగతి. అనంతపురంలో మే నెలలో 40 డిగ్రీలకు గాలి పలచబడి, 15 డిగ్రీలతో పోలిస్తే నిలకడ దాదాపు 9 శాతం కలిసొస్తుంది. అంచు మీదున్న స్లగ్ ఎండలో బాగానే పోయి, డిసెంబరు పొద్దున మొండికేస్తే బ్యారెల్‌ను తిట్టుకోకండి.

8.44 గ్రెయిన్ల పెల్లెట్లతో వాడేవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. స్లగ్ డబ్బా మాత్రం వద్దని చెప్పి, బిల్లులో దాని ధర తీయించండి.