ఇంట్లో స్ఫటికం పెంచే కిట్: సరుకు మంచిదే, సూచనల కాగితాన్ని నమ్మకండి

పెట్టెలో 100 గ్రాముల పటిక పొడి, మూతున్న గాజు సీసా, నూలు దారం, పుల్ల, ఎర్ర రంగు పొట్లం, భూతద్దం ఉంటాయి. పొడి శుభ్రంగా ఉంది, కరిగించాక మడ్డి మిగలదు. పటిక స్ఫటికానికి ఎనిమిది ముఖాలు. వాటిని ఎవరూ చెక్కరు. లోపలి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న అతి చిన్న కణాలు, ఒకే వరసలో మళ్లీ మళ్లీ పేరుకుంటూ పోవడం వల్ల ఆ నున్నటి ముఖాలు వాటంతటవే తేలతాయి. దాన్ని కళ్లారా చూడటానికి ఈ సరుకు చాలు.

చిక్కంతా కాగితంతోనే. మొత్తం పొడిని 250 మి.లీ. వేడి నీళ్లలో కలిపి, వెంటనే దారం వేలాడదీయమంటుంది. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్లలో పటిక నిలిచేది 12 గ్రాములకు కాస్త అటూ ఇటూ. 40 గ్రాముల లెక్కన పోస్తే, చల్లారేటప్పుడు ఆ ఎక్కువంతా ఒక్కసారిగా విడిపోయి అడుగున గడ్డకడుతుంది.

100 మి.లీ. వేడి నీళ్లలో 20 గ్రాములే కరిగించండి. వడకట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున పడ్డవాటిలో విడిగా ఉన్న, అంచులు తేరిన 3-4 మి.మీ. పలుకును ఏరుకోండి. పైనీళ్లు వేరే గ్లాసులోకి వంచి, ఇంకో గ్రాము పొడి వేసి వేడి చేసి కరిగించండి. పూర్తిగా చల్లారాకే పలుకును దారానికి కట్టి దించాలి. గోరువెచ్చగా ఉన్నా కరిగిపోతుంది. నూలు దారం వద్దు, దాని నూగుకు సన్న పలుకులు పట్టేస్తాయి. గాలానికి కట్టే నైలాన్ దారం మేలు. బిగుతు మూతా పనికిరాదు, నీరు ఆవిరైతేనే స్ఫటికం పెరుగుతుంది. దుమ్ము పడకుండా వడపోత కాగితం కప్పండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే రాత్రి పెరిగింది పగటి వేడికి కరుగుతుంది. అడుగున కొత్త పలుకులు కనిపిస్తే స్ఫటికాన్ని తీసి, ద్రావణాన్ని మళ్లీ వేడి చేసి వడకట్టి, చల్లార్చి వాడుకోండి.

రంగు పొట్లం దండగ. ఆ రంగు చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది, స్ఫటికంలోకి ఎక్కదు. అంతకన్నా అభ్యంతరకరం పెట్టె మీద క్వార్ట్జ్ అనే ఖనిజం బొమ్మ వేయడం. క్వార్ట్జ్ మామూలు నీళ్లలో దాదాపు కరగదు. దాన్ని 300 డిగ్రీలు దాటిన వేడిలో, తీవ్రమైన ఒత్తిడిలో, మూసిన ఉక్కు పాత్రల్లో పెంచుతారు. పిల్లలు ఆ బొమ్మ చూసి ఆశపడతారు.

పెరిగిన స్ఫటికాన్ని కాగితంతో అద్ది, రంగులేని గోళ్ల పాలిష్ పలచగా పూయండి. లేకపోతే పైపొర నీరు కోల్పోయి తెల్లబారుతుంది. పొయ్యి దగ్గర ఆరబెట్టకండి, 92 డిగ్రీలకే పటిక తనలోని నీటిలో తానే కరిగిపోతుంది.